పక్క నక్షత్రాన్నీ కొలవండి

పట్టాలు అందుకున్న మీకూ, జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సులు పట్టుకొని వచ్చిన మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

ఉద్యోగాల సంగతి మీకు చాలామంది చెప్పే ఉంటారు. నేను ఒక నక్షత్రం సంగతి చెబుతాను. పేరు హెచ్‌డీ 209458. కార్తీక మాసం మొదట్లో రాత్రి ఏడెనిమిది గంటలకు మన నడినెత్తికి రెండు డిగ్రీల ఎడంలోనే ఉంటుంది. మామూలు కంటికి ఆనదు, బైనాక్యులర్స్‌కు అందుతుంది. మూడున్నర రోజులకోసారి ఒక గ్రహం దానికి అడ్డం వస్తుంది. సుమారు మూడు గంటలసేపు వెలుగు ఒకటిన్నర శాతం తగ్గుతుంది. గ్రహం మనకు కనబడదు, ఆ తగ్గుదలే దాని ఆనవాలు.

1999లో ఆ తగ్గుదలను పట్టినవాళ్లలో డేవిడ్ షార్బోనో అప్పటికింకా పీహెచ్‌డీ విద్యార్థి. వాడింది నాలుగు అంగుళాల టెలిస్కోపు, అదీ అమెరికాలోని బౌల్డర్‌లో ఒక పార్కింగ్ స్థలంలో. గ్రహం అడ్డం రావడాన్ని కొలవడం మనవాళ్లకూ కొత్త విద్య కాదు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడికి అడ్డంగా నడిచినప్పుడు విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని సొంత అబ్జర్వేటరీ నుంచి అంకితం వెంకట నరసింగరావు గారు చూసి లెక్క రాశారు. డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన మనిషి ఆయన!

హైవే దీపాలు, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, మన ఆకాశంలో ఏం కొలుస్తామండీ అంటారు. అందుకే ఒక్క నక్షత్రాన్నే కొలిచి ఊరుకోరు. అదే ఫోటోలో పక్కనున్న నక్షత్రాన్నీ కొలిచి రెండింటినీ పోలుస్తారు. దుమ్ము రెండింటినీ మసకబారుస్తుంది, గ్రహం ఒక్కదాన్నే. ఇంకో తమాషా, ఫోకస్ కావాలనే కాస్త చెడగొడతారు. నక్షత్రం చుక్కలా కాక పళ్లెంలా పరుచుకుంటే వెలుగు చాలా పిక్సెళ్ల మీద పడి లెక్క నిలకడగా వస్తుంది. ముచ్చటైన ఫోటో ఇక్కడ దండగ.

భూమంత గ్రహం సూర్యుడిలాంటి నక్షత్రానికి అడ్డమొస్తే తగ్గే వెలుగు పదివేలలో ఒక వంతు కూడా ఉండదు. అది కెప్లర్‌లాంటి అంతరిక్ష టెలిస్కోపుల పని, దాని జోలికి పోకండి. మీరు పెద్ద గ్రహాలు అడ్డమొచ్చే వేళలు కొలవండి. ముందుగా కట్టిన వేళలు ఏళ్లు గడిచేకొద్దీ తప్పుతుంటాయి. వాటిని సరిదిద్దడానికి నాసా వారి ఎక్సోప్లానెట్ వాచ్ కార్యక్రమం ఔత్సాహికుల కొలతలనూ తీసుకుంటుంది.

ఫిజిక్స్ వాళ్లు టెలిస్కోపు, కెమెరా చూసుకోండి, కంప్యూటర్స్ వాళ్లు లెక్క చూసుకోండి. గ్రహం అడ్డం రావడానికి గంట ముందే మొదలుపెట్టి, దాటాక ఇంకో గంట తీయండి. వచ్చే కార్తీకంలో నందిగామ నుంచి ఒకటి, జగ్గయ్యపేట నుంచి ఒకటి, కొలతలు పంపండి.