కళాశాలలో వెనుకబడిన మన ఊరి పిల్లలు

(భద్రాచల ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఉదయమునుండి మీరు రోడ్లను గూర్చి, త్రాగునీటిని గూర్చి, పన్నుల వసూలును గూర్చి వినుచున్నారు. మేము మాట్లాడబోవు విషయము సాధారణముగా పంచాయతీ చర్చకు రానిది. ఊరినుండి కళాశాలకు పోయి, అక్కడ చదువు సాగక, ఎవరితోను చెప్పుకొనక ఇంటికి తిరిగివచ్చిన పిల్లలను గూర్చి మేము చెప్పదలచినాము. అట్టివారు మీ పంచాయతీలో ఎందరున్నారో ఒక్కసారి మనసులో లెక్క వేసికొనుడు. పదవ తరగతి తప్పినవారి లెక్క బడిలో ఉండును. చేను ఎండిన రైతు లెక్క వ్యవసాయశాఖవద్ద ఉండును. డిగ్రీ మొదటి సంవత్సరములో ఆగిపోయిన పిల్లవాని పేరు ఊరిలో ఏ పుస్తకమునందును ఉండదు. వాడు మిరపకోతకు పోవుచున్నాడని మాత్రము మనకు తెలియును.

మన పెద్దల కాలమున కళాశాలయే లేదు. ఖమ్మమున ఎస్.ఆర్. అండ్ బి.జి.ఎన్.ఆర్. కళాశాల 1956లో ఏర్పడినది. భద్రాచలము తాలూకా 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండెడిది. గోదావరిపై వంతెన 1965లో గాని రాలేదు. వరద వచ్చినచో ఆవలి ఒడ్డు ఆవలనే, ఈవలి ఒడ్డు ఈవలనే. ఆ కష్టము నేడు చాలవరకు తీరినది. భద్రాచలమునను, కొత్తగూడెమునను, మణుగూరునను డిగ్రీ కళాశాలలున్నవి. గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాలలు 2017లో మొదలైనవి. కొత్తగూడెమున 1978లో గనుల విద్యకై వెలసిన సంస్థ 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైనది. 2016నుండి డిగ్రీ ప్రవేశమునకు దోస్తు పద్ధతి వచ్చినందున దరఖాస్తుకై ఊరూరు తిరుగవలసిన పని లేదు. చేరుట తేలికైనది గాని చేరిన పిమ్మట నిలుచుట అంత తేలిక కాలేదు.

మేము అధ్యాపకులముగా ఉన్న రోజులలో జరిగినదొకటి చెప్పెదము. చర్ల వైపు అడవి లోపలి గూడెమునుండి ఒక కోయ పిల్లవాడు బి.ఎస్సి.లో చేరినాడు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమమున చదివినవాడు. ఇంట మాట్లాడునది కోయ భాష. కళాశాలలో పాఠము ఇంగ్లీషున సాగును. మొదటి సెమిస్టరులో రసాయనశాస్త్రము తప్పినాడు. ఆ పిమ్మట తరగతికి రాలేదు. పేరు పిలిచినప్పుడు పలుకలేదు; మేము గైరుహాజరు గుర్తు వేసి ముందుకు పోయినాము. రెండు నెలల తరువాత సంతలో కనిపించినప్పుడు ఎందుకు రాలేదని అడిగితిమి. "తప్పినోళ్లను మళ్లీ రానియ్యరనుకున్న సారూ" అన్నాడు. ఒక పేపరు మిగిలినంతమాత్రమున పేరు కొట్టివేయరని, మిగతా చదువు సాగుచుండగానే ఆ పేపరు మరల వ్రాయవచ్చునని వానికి ఎవరును చెప్పలేదు. అందరును వానికి తెలిసియే ఉండునని అనుకొన్నారు. అట్లు అనుకొన్నవారిలో మేమును ఉన్నాము.

అప్పుడే మరియొక సంగతి బయటపడినది. "కోవలెంట్ బాండు అనగా తెలియునా?" అని అడిగితే తెలియదన్నాడు. "సమయోజనీయ బంధము తెలియునా?" అని అడిగితే గడగడ చెప్పినాడు, నేలమీద పుల్లతో బొమ్మ గీసి మరీ చూపినాడు. రెండును ఒకటియే. వానికి రసాయనశాస్త్రము తెలియును. దాని ఇంగ్లీషు పేర్లు మాత్రమే తెలియవు. మేమును, పరీక్ష దిద్దినవారును దానిని తెలివితక్కువగా లెక్కించితిమి. ఒక సెమిస్టరు పొడుగున నలువది పేజీల నోటుపుస్తకమున ఒక వైపు ఇంగ్లీషు మాట, రెండవ వైపు తెలుగు మాట వ్రాసికొన్నచో తీరెడి లోటది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి డిగ్రీ పుస్తకములను తెలుగున అచ్చువేసినది. మొదట ఆ పుస్తకమున అధ్యాయము చదివి, అర్థము పట్టుబడిన పిమ్మట ఇంగ్లీషు పుస్తకమును తెరువుమని మేము నేటికిని పిల్లలకు చెప్పుచున్నాము. సిగ్గుపడి కొందరు తెలుగు పుస్తకమును దాచిపెట్టుదురు. దాచవలసిన అవసరమేమి?

పిల్లలు వెనుకబడుటకు కారణమేమని మిమ్ము అడిగినచో శ్రద్ధ లేదందురు, ఫోను పాడుచేసినదందురు, తల్లిదండ్రులు చదువుకొనలేదందురు. అమెరికా దేశమున బర్కిలీ విశ్వవిద్యాలయమునందు కూడ అధ్యాపకులు ఇట్లే అనిరి. అక్కడ 1970ల దశకమున నల్లజాతి విద్యార్థులు గణితములో ఎక్కువగా తప్పుచుండిరి. యూరి ట్రైస్‌మన్ అను ఆయన ఆ మాటలను నమ్మి ఊరకుండక, ఇరువదిమంది నల్లజాతి విద్యార్థులను, ఇరువదిమంది చైనా సంతతి విద్యార్థులను వెంటనుండి గమనించెను. శ్రద్ధలో లోపము లేదు, ఇంటివారి ప్రోత్సాహములో లోపము లేదు. నల్లజాతి విద్యార్థులు మిక్కిలి కష్టపడి చదువుచుండిరి గాని ఎవరికి వారు ఒంటరిగా చదువుచుండిరి. చైనా సంతతివారు తాము చేసిన లెక్కలను సాయంకాలమున కూడి సరిచూచుకొనెడివారు. అందరికిని రాని లెక్క కనబడినచో అది నిజముగా కష్టమైనదని గ్రహించెడివారు. ఒంటరిగా కూర్చున్నవాడు మాత్రము తప్పు తనలోనే ఉన్నదనుకొనెను. ట్రైస్‌మన్ నల్లజాతి విద్యార్థులను గుంపుగా కూర్చుండబెట్టి, సులభమైనవి గాక కష్టమైన లెక్కలే ఇచ్చెను. దానికి "వెనుకబడినవారి తరగతి" అని పేరు పెట్టలేదు. తప్పెడివారి సంఖ్య బాగుగా తగ్గిపోయినది.

ఆ పేరు సంగతి మీరు గమనింపవలెను. మన దేశమున విశ్వవిద్యాలయ గ్రాంట్స్ సంఘము పూర్వము షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు రెమెడియల్ తరగతులకై ధనమిచ్చినది. ఉద్దేశము మంచిదే. కాని సాయంకాలము నాలుగు గంటలకు "రెమెడియల్ వారు ఆగవలెను" అని అందరి ఎదుట పిలిచినచో ఎవడు ఆగును? ఆగుటకు మనసున్నవానికి కూడ ఆఖరు బస్సు పోవును.

బస్సు మాట వచ్చినది కనుక చెప్పెదము. పరీక్ష వ్రాయుటకు సాధారణముగా నూటికి 75 వంతుల హాజరు కావలెను. స్కాలర్‌షిప్పునకు కూడ హాజరు లెక్కకు వచ్చును. ఉదయపు బస్సు అరగంట ఆలస్యముగా వచ్చు ఊరిలో మొదటి గంట పాఠము ఏడాది పొడుగున పోవును. పిల్లవాడు ఒక్కడు పోయి డిపోలో చెప్పినచో వినువారుండరు. పంచాయతీ తీర్మానము చేసి, ఎందరు విద్యార్థులు ఏ ఊరినుండి ఎక్కుచున్నారో వ్రాసి, డిపో మేనేజరుకు పంపినచో దానికి జవాబు ఈయవలసి వచ్చును. ఒక పొరుగు పంచాయతీని కూడ కలుపుకొనుడు.

ఇక ఏజెన్సీ పంచాంగము వేరు, కళాశాల పంచాంగము వేరు. మిరపకోత సంక్రాంతి దాటినది మొదలు సాగును. ఇప్పపూవు వేసవి ఆరంభమున రాలును. తునికాకు ఏప్రిలు, మే నెలలలో కోయుదురు. సరిగా ఆ రోజులలోనే రెండవ సెమిస్టరు పాఠములు ముగియుటయు, పరీక్షలు దగ్గరపడుటయు జరుగును. తునికాకు డబ్బు ఇంటికి ఎంత అవసరమో మాకు తెలియును. పిల్లవాని చేయి వద్దని మేము చెప్పజాలము. పరీక్షల పట్టిక రాగానే దాని నకలు పంచాయతీ కార్యాలయమున గోడకు అంటింపుడు. ఏ పది రోజులు ఆ పిల్లను కల్లమునకు పిలువరాదో తల్లిదండ్రులకు తేదీలతో తెలిసిన చాలును.

గోదావరి ఒడ్డున మరియొక చిక్కు ఉన్నది. 2014లో చుట్టుపట్ల మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. భద్రాచలము పట్టణము తెలంగాణలో మిగిలినది. ఎటపాక పిల్లకు దగ్గరి కళాశాల భద్రాచలము; ఆమె ఇంటి కాగితములు మాత్రము వేరొక రాష్ట్రమువి. స్థానికతయేమి, స్కాలర్‌షిప్పు ఏ రాష్ట్రమునుండి అన్న ప్రశ్నలు చేరుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. చేరిన ఆరు నెలలకు ఫీజు కట్టలేదని నోటీసు వచ్చినప్పుడు పుస్తకముమీద దృష్టి నిలుచునా?

"కళాశాల మా అధికారములోనిది కాదు గదా" అని మీలో కొందరికి తోచవచ్చును. నిజమే. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెందిన 29 విషయములలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలున్నవి, సాంకేతిక శిక్షణ ఉన్నది. డిగ్రీ కళాశాల పేరు లేదు. కాని అదే పట్టికలో గ్రంథాలయములున్నవి. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్నును మీ పంచాయతీలే వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టుచున్నవి. వసూలు చేయువారు ఆ డబ్బుతో మా ఊరికి ఏమి వచ్చినదని అడుగవచ్చును. కట్టవలసిన బకాయి ఉన్నచో ముందు అది కట్టి అడుగుట మర్యాద!

మేము కోరునది పెద్ద భవనము కాదు. పంచాయతీ కార్యాలయమున రాత్రి తొమ్మిది వరకు ఒక గది తెరచియుండవలెను. రెండు బల్లలు, మంచి దీపము, ఇంటర్నెట్టు ఉన్నచో అది. సెలవులలో ఇంటికి వచ్చిన పిల్లలు అక్కడ కలిసి కూర్చుందురు. ఊరిలో డిగ్రీ ముగించినవారు ఒకరిద్దరు తప్పక ఉందురు. వారిని దసరాకు, సంక్రాంతికి, వేసవికి అక్కడకు పిలువుడు. పాఠము చెప్పనక్కరలేదు, తాము ఏ పేపరు తప్పినారో, ఎట్లు గట్టెక్కినారో చెప్పిన చాలును. ఆడపిల్లలు రాత్రి రాలేరు కనుక వారికి పగటివేళ ఏర్పరుపుడు. ఈ సంగతి మరచినచో గది మగపిల్లల పేకాట స్థలమగును. మేము చూచినాము.

పిల్లలకు చెప్పవలసినదియు కొంత ఉన్నది. అధ్యాపకునివద్దకు పోయి "నాకు ఏమియు అర్థము కాలేదు" అన్నచో ఆయన ఎక్కడనుండి మొదలుపెట్టును? తాను చేసినంతవరకు కాగితముమీద వ్రాసికొనిపోయి, "ఈ మూడవ మెట్టువద్ద ఆగిపోయినాను" అని చూపినచో పది నిమిషములలో తేలును. ప్రశ్న అడుగుట కోర్టులో సాక్ష్యమిచ్చుటవలె భావించు పిల్లలు పాఠము ముగిసిన పిమ్మట వరండాలో అడుగవచ్చును. చాల కళాశాలలలో ఇన్నిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడని మెంటరును నియమింతురు. చేరిన మొదటి వారములోనే ఆయన పేరు తెలిసికొనవలెను. హాస్టలు వార్డెనుకు, పై తరగతిలోని మన ప్రాంతపు విద్యార్థికి కూడ కష్టము చెప్పవచ్చును. ఇంట నుండి పనిచేయుచు చదువవలసివచ్చినవారికి 1982లో హైదరాబాదున స్థాపితమైన సార్వత్రిక విశ్వవిద్యాలయమున్నది. దేశములో అట్టిది అదియే మొదటిది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్నది. దాని అధ్యయన కేంద్రములలో విషయము వివరించు తరగతులు కూడ జరుగును. కళాశాల మానినవానికి చదువు మూసికొనిపోలేదని తెలియుట మేలు.

చెప్పుటకు కష్టమైన మాట ఒకటి మిగిలినది. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియటు ఫలితములు వచ్చిన పిమ్మట మన రాష్ట్రమున ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఫలితములు వచ్చిన వారములో మీ వార్డులోని పిల్లలను పలుకరింపుడు. "ఎన్ని మార్కులు?" అని గాక, "అన్నము తిన్నావా?" అని అడుగుడు. ఇంటనుండి కదలక, ఎవరితోను మాటలాడక ఉన్న పిల్ల కనబడినచో ఒంటరిగా వదలవద్దు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో టెలి మానస్ వారు తెలుగున, ఏ వేళనైనను, ఉచితముగా మాట్లాడుదురు.

మేము చెప్పిన ఆ పిల్లవాడు మరుసటి జూన్‌లో వచ్చి మరల చేరినాడు. రసాయనశాస్త్రము రెండవసారి వ్రాసి గట్టెక్కినాడు. మొత్తముమీద ఒక సంవత్సరము పోయినది. సంతలో మేము ఎదురుపడియుండనిచో ఏమై ఉండునో మేము చెప్పలేము.

మీ బల్లలమీద ఒక్కొక్క తెల్లకాగితము ఉంచినాము. మీ పంచాయతీనుండి కళాశాలకు పోవుచున్నవారి పేర్లు, కళాశాల, ఏ సెమిస్టరు అన్నవి వ్రాయుడు. మధ్యలో ఆగినవారి పేర్లు కాగితము రెండవ ప్రక్కన వ్రాయుడు. తెలియనిచో ఖాళీగా ఉంచి, ఊరికి పోయి అడిగి, వచ్చే గ్రామసభనాటికి పూర్తిచేయవచ్చును. కాగితము మాకు తిరిగి ఈయనక్కరలేదు. పంచాయతీ రిజిస్టరులో అంటింపుడు. ఇక భోజనమునకు లేవవచ్చును.