కొండా వెంకట రంగారెడ్డిగారు

(గచ్చిబౌలి ప్రాంతపు పఠనాలయమున నిచ్చిన యుపన్యాసము)



గతమాసమున మాదాపూరులో నుద్యోగము చేయు నొక యువకుడు, ఇల్లు కొనుటకై, దస్తావేజు చిత్తును నాయొద్దకు తెచ్చెను. అందలి షెడ్యూలును చదువుచు, "అయ్యా, రంగారెడ్డి జిల్లా యని యున్నదే, ఈ రంగారెడ్డి యెవరు?" అని యడిగెను. నేను నవ్వితిని. తరువాత నా నవ్వునకు నేనే సిగ్గుపడితిని. ఇరువది సంవత్సరములుగా నా పేరుకంటె నెక్కువ పర్యాయములు ఆ పేరును వ్రాసితిని. అది యొక వకీలు పేరని యొక్కనాడైనను తలచితినా?

వెంకట రంగారెడ్డిగారు 1890 డిసెంబరు 12వ తేదీన, ఇచ్చటికి దూరముగాని మొయినాబాదు ప్రాంతమున, పెద్దమంగళారము గ్రామమందు జన్మించిరి. నాటి నిజాము రాజ్యమున న్యాయస్థానముల భాష ఉర్దూ. తన పొలమును గూర్చి వెలువడిన తీర్పును తెలుగు రైతు తాను చదువుకొనజాలడు; వకీలు నోట వినవలసినదే. వాదించువాడే కాక అర్థము చెప్పువాడును వకీలే. వెంకట రంగారెడ్డిగారి తరము వకీళ్లు రాజకీయములలోనికి వచ్చిన దారి యిదియే యని నా నమ్మకము.

1921 నవంబరు 12వ తేదీన హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో, మహర్షి కర్వేగారి యధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆయనయు వకీలే. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. 1922లో దాని తొలి సమావేశమునకు అధ్యక్షత వహించినవారు వెంకట రంగారెడ్డిగారు. కార్యభారమును మోసినవారు మాడపాటి హనుమంతరావుగారు. సభ జరుపుటకు సయితము సర్కారు అనుమతి కావలసిన దినములవి. 1936లో షాద్‌నగరున నైదవ ఆంధ్రమహాసభకు వెంకట రంగారెడ్డిగారే అధ్యక్షులైరి. పిదప 1952 ఎన్నికలలో హైదరాబాదు శాసనసభకు వచ్చి, బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గమున చేరిరి.

ఇంతవరకు గౌరవముతో చెప్పితిని. ఇక నొక వకీలు మరియొక వకీలును గూర్చి చెప్పవలసినది చెప్పెదను.

రాష్ట్ర పునర్విభజన సంఘము 1955లో, తెలంగాణమును హైదరాబాదు రాష్ట్రమను పేర కొంతకాలము ప్రత్యేకముగా నుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట శాసనసభలో మూడింట రెండువంతులవారు కోరినయెడల ఆంధ్రముతో కలుపవచ్చునని సూచించెను. వెంకట రంగారెడ్డిగారు ప్రత్యేక రాష్ట్రమునే కోరిరి. అట్టివారు 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందముపై సంతకము చేసిరి. బూర్గులవారు, వెంకట రంగారెడ్డిగారి మేనల్లుడు మఱ్ఱి చెన్నారెడ్డిగారు, జె. వి. నరసింగరావుగారు తోడి సంతకదారులు. ముఖ్యమంత్రి యొక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెను. ఉద్యోగములకు స్థానిక నివాసము ఉండవలెను. తెలంగాణపు వ్యవసాయభూముల విక్రయము ప్రాంతీయ మండలి యదుపున నుండవలెను. షరతులు మంచివే. కాని షరతు తప్పినవానిని ఏ కోర్టునకు ఈడ్వవలెనో అందు లేదు. పది రూపాయల బాకీకి ప్రామిసరీనోటు వ్రాయించుకొను మనము, రాష్ట్రమునకే పెద్దమనుషుల మాట చాలునని యెట్లు నమ్మితిమి?

1956 నవంబరు 1వ తేదీన కొత్త రాష్ట్రము వచ్చినది. ఉపముఖ్యమంత్రి మాత్రము రాలేదు. ఆ పదవి ఆరవవేలు వంటిదని నీలం సంజీవరెడ్డిగారన్నట్లు చెప్పుకొందురు. తరువాత దామోదరం సంజీవయ్యగారి మంత్రివర్గమున వెంకట రంగారెడ్డిగారే ఉపముఖ్యమంత్రులైరి. అప్పటికి వారికి డెబ్బదియేండ్లు. ఒప్పందపు మాట వారియెడల నాలస్యముగానైన నెగ్గినదందురు కొందరు. నేనట్లు తలపను. షరతు ప్రజలకొరకు వ్రాయబడినది. ఒక పెద్దమనుష్యునకు కుర్చీ దొరికినంతమాత్రాన అది చెల్లదు.

ఉద్యోగముల షరతు గతి చూడుడు. దానికొరకు 1957లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. రాజ్యాంగము 16వ అధికరణము రాష్ట్రమున నివాసమును గూర్చి చెప్పుచున్నదే కాని, రాష్ట్రములో నొక భాగమున నివాసమును గూర్చి కాదని చెప్పి, 1969 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టపు మూడవ సెక్షనును తెలంగాణమునకు వర్తించినంతమేరకు కొట్టివేసినది. అప్పటికే విద్యార్థులు వీధులలో నున్నారు, తుపాకులు ప్రేలినవి, పిల్లలు చచ్చిరి. ముల్కీ నిబంధనలు చెల్లునని అదే కోర్టు 1972 అక్టోబరులో చెప్పినది. ఆ తీర్పు వినుటకు వెంకట రంగారెడ్డిగారు లేరు. 1970 జులై 24వ తేదీన కాలధర్మము నొందిరి. ఆ మరుసటి యేడు ముల్కీ నిబంధనలే రద్దయినవి.

1978 ఆగస్టు 15వ తేదీన నగరము చుట్టునున్న గ్రామములతో కొత్తజిల్లా యేర్పరచి వారి పేరు పెట్టిరి. నాటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డిగారే. అప్పుడీ మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి రాళ్లగుట్టలు, మెట్టచేలు. 1998 నవంబరులో వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిరి; పిమ్మట గజము లెక్కన భూమి కదలినది.

ఇదంతయు ఆ యువకునకు చెప్పితిని. అతడు బుద్ధిమంతుడు, వెంటనే యొక ప్రశ్న వేసెను: "భూముల విక్రయమును అదుపుచేయు ఆ మండలి యిప్పుడెక్కడ నున్నది?" 1958లో రాష్ట్రపతి యుత్తర్వుచే ప్రాంతీయ సంఘముగా నేర్పడి, 1973లో రద్దయినదని చెప్పితిని. అతడు షెడ్యూలులోని ఆ పేరువంక మరల నొకసారి చూచి, కాగితములు మడచి సంచిలో పెట్టుకొనెను.