మూత్రపిండములు – మందు మోతాదు



1941వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డు నగరములో, రాడ్‌క్లిఫ్ వైద్యశాలయందు, ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసు ఉద్యోగి మరణావస్థలో నుండెను. ముఖమంతయు చీముపట్టి ఒక కన్ను అప్పటికే పోయినది. హోవర్డ్ ఫ్లోరీ బృందమువారు తాము క్రొత్తగా సిద్ధపరచిన పెనిసిలిన్‌ను అతనికి సూదిద్వారా ఎక్కించిరి. జ్వరము తగ్గెను, ఆకలి పుట్టెను. కాని వారియొద్ద నున్న మందు బహు స్వల్పము. అది అడుగంటుచుండగా వారొక ఉపాయము చేసిరి. రోగి మూత్రమును పట్టి, ప్రయోగశాలకు గొనిపోయి, దానినుండి పెనిసిలిన్‌ను వేరుచేసి మరల అతనికే ఇచ్చిరి. అదియు చాలలేదు. మార్చి 15వ తేదీన అతడు మరణించెను.

మూత్రమునుండి మందును తిరిగి తీయగలిగిరనగా, ఇచ్చిన మందులో అధికభాగమును మూత్రపిండములు వెలికి పంపివేయుచుండెనని అర్థము. చెరువునకు తూము ఎట్టిదో శరీరములోని ఇట్టి మందులకు మూత్రపిండములు అట్టివి. తూము పూడినప్పుడును మామూలుగానే నీరు వచ్చిపడుచుండిన కట్ట ఏమగునో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. మాత్రల అట్టపైనను, ప్రక్కింటివారి చీటిపైనను ఉండు సామాన్యపు మోతాదు, తూము బాగుగా నున్నవారి కొరకు లెక్కించినది.

1943లో అమెరికాయందు సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ కనుగొనిన స్ట్రెప్టోమైసిన్ క్షయరోగులకు ప్రాణదానము చేసినది. అయినను కొందరికి చెవుడును, నడకలో తూలుటయు తెచ్చిపెట్టినది. ఆ జాతికే చెందిన జెంటామైసిన్, అమికాసిన్ మందులు ఆరోగ్యవంతుని రక్తములో రెండు మూడు గంటలకు సగము తగ్గును. మూత్రపిండములు పూర్తిగా చెడినవానిలో అట్లు తగ్గుటకు ఒక దినమునకు మించి పట్టును. నిన్నటి మందు నిలిచియుండగా నేటి మందు దానిపై చేరును. అంతేకాదు, ఈ మందులు ఎక్కువైనచో మూత్రపిండములనే గాయపరచును. సెఫిపైమ్ వంటి మరికొన్ని నిలువయైనచో రోగి మతిభ్రమించినట్లు మాటలాడును. ఒక్కొక్కప్పుడు మూర్ఛలు వచ్చును. ఇంటివారు దానిని జ్వరపు సంధియనియో, గాలి సోకెననియో తలచుట కలదు.

మూత్రపిండముల శక్తి తగ్గినదని తెలియుట ఎట్లు? పాదముల వాపు వచ్చువరకు వేచియుండుట తగదు. రక్తములో క్రియాటినిన్ అను పదార్థమును కొలుతురు. అయితే ఆ ఒక్క అంకెను నమ్ముకొనుట మోసము. క్రియాటినిన్ కండలనుండి పుట్టును. కండ లేని వృద్ధునిలో అది తక్కువగనే పుట్టును. అందుచే 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అను వైద్యులు ఒక లెక్క ప్రకటించిరి. 140నుండి వయస్సును తీసివేసి, కిలోగ్రాములలో శరీరపు బరువుచే గుణించి, 72ను క్రియాటినిన్‌తో గుణించగా వచ్చిన దానిచే భాగించవలెను. వచ్చిన ఫలము మూత్రపిండములు నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్లు శుద్ధిచేయునో సుమారుగా తెలుపును. ఆరోగ్యవంతుడగు యువకునికి ఇది 100కు పైబడి యుండును.

క్రియాటినిన్ 1.5 ఉన్నవారు ఇద్దరిని తీసికొనుడు. 25 ఏండ్ల వయస్సు, 70 కిలోల బరువు గలవానికి శుద్ధి సుమారు 75. 70 ఏండ్ల వయస్సు, 45 కిలోల బరువు గలవానికి 29 మాత్రమే. వృద్ధుడు కాక వృద్ధురాలైనచో ఆ ఫలమును 0.85చే గుణింపగా 25కు లోపలనే నిలుచును. పరీక్షా కాగితముపై అంకె ఒకటే. ముసలమ్మ కాగితమును చూచి "కొంచెమే ఎక్కువ" అని పెదవి విరుచువారు ఈ లెక్క ఒకసారి వేసి చూచుట మంచిది.

మోతాదు సవరించు విధములు ముఖ్యముగా రెండు: మందు పరిమాణము తగ్గించుట, మందుకును మందుకును నడిమి వ్యవధి పెంచుట. సామాన్యముగా ఎనిమిది గంటలకొకసారి ఇచ్చు అమాక్సిసిలిన్‌ను, శుద్ధి 30కి లోబడినచో పన్నెండు గంటలకొకసారియు, 10కి లోబడినచో దినమునకొకసారియు ఇత్తురు. క్షయకు వాడు ఇథాంబ్యుటాల్ నిలువయైనచో కంటిచూపును చెరచును. కావున 30కి లోబడినవారికి ప్రతిదినము గాక వారమునకు మూడు దినములే ఇత్తురు. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ మందులకు సాధారణముగా ఈ మార్పు అక్కరలేదు; వాటిని శరీరమునుండి తొలగించు పని ముఖ్యముగా కాలేయముది.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు అధిపతిగా నుండిన లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతికి అదియే తొలిబిడ్డ. ఆ జాతిలో టెట్రాసైక్లిన్ చెడిన మూత్రపిండములు గలవారికి రక్తములో యూరియాను పెంచును. దాని చెల్లెలు వంటి డాక్సిసైక్లిన్ ప్రేవులద్వారా కూడ వెలువడును గాన మోతాదు మార్చనవసరము లేదు. ఒకే ఇంటి మందులలో ఇంత భేదమున్నప్పుడు, అన్నిటిని సగము చేసి మ్రింగినచో సరిపోవునని తలచుట ఎంత పొరపాటు! తక్కువైన మందు సూక్ష్మజీవిని చంపదు. దానికి మొండితనము నేర్పును. తీవ్రమైన జబ్బులో అనేక మందులకు తొలి మోతాదును పూర్తిగనే ఇత్తురు. తరువాతి వాటినే సవరింతురు.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో, మధుమేహము గాని రక్తపుపోటు గాని లేని కష్టజీవులకును మూత్రపిండములు చెడుట చూచుచున్నాము. అట్టివాడు జ్వరము తగిలి దుకాణమునకు పోయి యాంటిబయాటిక్‌తోపాటు ఒడలినొప్పుల మాత్రయు కొనితెచ్చుకొనును. ఆ నొప్పిమాత్రలలో పెక్కింటివలన మిగిలిన కొద్దిపాటి శక్తియు సన్నగిల్లును. క్రియాటినిన్ కాగితమును పెట్టె అడుగున దాచక వైద్యునికి చూపి, వయస్సును బరువును తెలిపి, "ఈ మందు మోతాదు నా మూత్రపిండములకు తగినదేనా?" అని అడుగవలెను. డయాలిసిస్ చేయించుకొనువారు అడుగవలసినది మరియొకటి గలదు. కొన్ని మందులు ఆ యంత్రములో రక్తముతోపాటు కడుగబడి పోవును. వాటిని ఆ దినమున డయాలిసిస్ ముగిసిన పిదపనే తీసికొనవలసియుండును.