రెండు దఫ్తరాలు, ఒకే నేల: థెస్సలొనీకి యూదు సంఘం, విశ్వవిద్యాలయం

గ్రీసు ఉత్తరాన ఉన్న రేవుపట్నం థెస్సలొనీకి. అక్కడి అరిస్టాటిల్ విశ్వవిద్యాలయం ఇవాళ విస్తరించి ఉన్న నేల 1942 డిసెంబరు దాకా యూదుల శ్మశానం. అందులో మూడు లక్షలకు పైగా సమాధులు ఉండేవని అంచనా. కనుక ఆ ఊరి యూదు సంఘం కాగితాలను ఒక గదిలో, విశ్వవిద్యాలయం కాగితాలను మరో గదిలో పెట్టుకుని విడివిడిగా చదివితే రెండు చరిత్రలూ సగం సగమే తెలుస్తాయి. ఈ ఉపన్యాసం వాదన అదే.

1492లో స్పెయిన్ రాజదంపతులు వెళ్ళగొట్టిన యూదులలో వేలమంది అప్పట్లో ఒట్టోమన్ల ఏలుబడిలో ఉన్న ఈ రేవుకు చేరారు. వెంట వచ్చిన స్పానిష్ లాడినోగా మారి, నాలుగు శతాబ్దాలకు పైగా ఇంట్లోనూ బజారులోనూ నిలిచింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా శనివారం వస్తే రేవులో పని ఆగేది. హమాలీలలో ఎక్కువమంది యూదులే మరి, శనివారం వాళ్ళ విశ్రాంతి దినం. 1912లో ఊరు గ్రీసు చేతికి వచ్చింది. అయిదేళ్ళకే, 1917 ఆగస్టులో, పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దాదాపు యాభై వేలమంది యూదులకు గూడు పోయింది. సంఘం పాత దఫ్తరం చాలావరకు బూడిదైంది.

సంఘం మళ్ళీ మొదటి పేజీ నుంచి రాసుకుంది. కుటుంబాల జాబితాలు, పెళ్ళి రిజిస్టర్లు, బడుల లెక్కలు, సాయం కోరే అర్జీలు పోగయ్యాయి. వాటిలో చాలా భాగం సొలిట్రేయో అనే గొలుసుకట్టు హీబ్రూ లిపిలో రాసిన లాడినో.

అదే కాలంలో విశ్వవిద్యాలయం పుట్టింది. 1925లో చట్టం, 1926లో పాఠాలు. మొదటి తరగతులు నడిచిన విల్లా అల్లాతీనిని కట్టించుకున్నది పిండిమరల యజమానులైన యూదు కుటుంబం. పదవి పోయిన సుల్తాను అబ్దుల్ హమీద్‌ను 1909 నుంచి 1912 దాకా నిర్బంధించింది కూడా ఆ భవనంలోనే. తర్వాత విశ్వవిద్యాలయం శ్మశానాన్ని ఆనుకున్న పాత ఒట్టోమన్ బడి భవనానికి మారింది. విద్యార్థులు పెరిగారు, స్థలం చాలలేదు. సమాధులను కదిలించడం తమ మతధర్మానికి విరుద్ధమని సంఘం వాదించినా, చివరికి 1930వ దశకంలో కొంత నేల వదులుకుంటూ ఒప్పుకుంది.

1941 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో జర్మన్ల అనుమతితో శ్మశానం కూలింది. దాన్ని పడగొట్టినవాళ్ళు మాత్రం నగరపాలక సంస్థ పెట్టిన కూలీలు. పాలరాతి పలకలు కాలిబాటలకు, గోడలకు, చర్చి మరమ్మతులకు పోయాయి. 1943 మార్చి 15న ఆష్విట్జ్ మరణ శిబిరానికి మొదటి రైలు బయలుదేరింది. కొద్ది నెలల్లో సుమారు 46,000 మంది యూదులను తరలించారు. వారిలో తిరిగి వచ్చినవారు బహు కొద్దిమంది.

సంఘం కాగితాలు మరో దారి పట్టాయి. నాజీ రోజెన్‌బర్గ్ దళం వాటిలో చాలా భాగాన్ని మూటగట్టి జర్మనీకి పంపింది. యుద్ధం ముగిశాక అమెరికన్ల చేతికి దొరికిన కొంత భాగం న్యూయార్క్‌లోని యీవో అనే యూదు పరిశోధన సంస్థకు చేరింది. సోవియట్ సైన్యానికి దొరికినది మాస్కోలో ఉండిపోయింది. మరికొంత జెరూసలేంలో ఉంది, ఇంకొంత థెస్సలొనీకిలోనే మిగిలింది. మాస్కోలో ఉన్నదాన్ని తిరిగి ఇస్తామని రష్యా 2021 డిసెంబరులో అంగీకరించింది. ఒకే సంఘం రికార్డులు నాలుగు నగరాల్లో ఉన్నప్పుడు పరిశోధకుడికి మొదట కావలసింది ఉమ్మడి జాబితా, ఆ తర్వాత స్కాన్ చేసిన ప్రతులు.

విశ్వవిద్యాలయం తన వైపు కొన్ని అడుగులు వేసింది. 2014 నవంబరులో ప్రాంగణంలో ఆ శ్మశానానికి స్మారకచిహ్నం వెలిసింది. ఆ దశకంలోనే యూదు అధ్యయనాలకు ఆచార్య పీఠం ఏర్పడింది. అయితే స్మారకచిహ్నం చెప్పలేని వివరాలు పరిపాలనా ఫైళ్ళలో ఉంటాయి: స్థలం కోసం నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు, ప్రాంగణం నక్షాలు, కట్టడాల టెండర్లు, యూదు విద్యార్థుల ప్రవేశ రిజిస్టర్లు. యూదు సంఘం ప్రతులతో కలిపి చూస్తేనే ఎవరు ఏం అడిగారో, ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో తేలుతుంది.

కాగితాలే కాదు, రాళ్ళూ రికార్డులే. ఐజాక్ ఇమ్మాన్యుయేల్, మైఖేల్ మోల్హో అనే ఇద్దరు రబ్బీలు నకలు తీసిన సమాధి శాసనాలు తర్వాత పుస్తకాలుగా వచ్చాయి. ఊళ్ళో తవ్వకాల్లో పలకలు ఇప్పటికీ బయటపడుతున్నాయి. వాటిని మ్యూజియానికి చేర్చేముందు దొరికిన చోటును రాసిపెట్టి, ఫోటో తీసి, చెక్కిన పేరునూ ఏడాదినీ ఆ పుస్తకాలతో సరిచూడాలి. సొలిట్రేయో చదవగల కుర్రవాళ్ళను విశ్వవిద్యాలయం తయారు చేస్తే రిజిస్టర్లతో పోల్చే పని కూడా ఆ ప్రాంగణంలోనే సాగుతుంది.