కొలిమి ముందు క్రిస్తోఫ్

సూరతు నగరమున లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో మరమగ్గముల చెంత శ్రమించు తెలుగు శ్రోతలారా, పనిముట్టు విరిగినపుడు పనివానికి గలుగు వేదన మీకు తెలియును గనుక, 1913వ సంవత్సరపు టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెములోని యొక ఘట్టమును మీకు విన్నవించుచున్నాను.

బయోన్ నుండి లూషోన్ వరకు పిరెనీస్ పర్వతముల మీదుగా సాగిన 326 కిలోమీటర్ల దశలో, టూర్మలే కనుమ నెక్కి దిగుచుండగా, యూజేన్ క్రిస్తోఫ్ అను పోటీదారుని సైకిలు ముందు ఫోర్కు విరిగెను. పరసహాయము నిషిద్ధమగుటచే అతడు బండిని మోసికొని, పది కిలోమీటర్లకు పైగా కాలినడకను సాంత్-మారి-ద-కాంపాన్ గ్రామము చేరి, అచటి కమ్మరి కొలిమిలో, నిర్వాహకుల కన్నుల యెదుటనే, గంటలకొలది ఇనుమును కాచి, సాగగొట్టి, ఫోర్కును తానే అతికికొనెను. కొలిమితిత్తి నూదుట కొక బాలుడు తోడ్పడెనని అతనికి పది నిమిషముల దండన విధించి, పిదప దానిని మూడింటికి తగ్గించిరి. అది నియమపాలనమే కావచ్చును. న్యాయమని మాత్రము నా మనస్సంగీకరింపదు.

ఆ యేటి పందెమున తుది విజయము బెల్జియము దేశీయుడైన ఫిలిప్ తీస్‌ను వరించెను. క్రిస్తోఫ్ ఏడవవాడుగా నిలిచెను. అతడెన్నడును టూర్‌ను గెలువలేదు గాని, 1919లో అగ్రగామికి పసుపు చొక్కా నొసగు సంప్రదాయ మారంభమైనపుడు దానిని ప్రప్రథమమున ధరించినవాడు క్రిస్తోఫే.