ప్రజాస్వామ్యానికి కొలతలు: చిత్తూరు జిల్లా నుంచి చూస్తే

ఒక దేశంలో ప్రభుత్వం ఏ మేరకు ప్రజలదో, ఏ మేరకు పాలకులదో తేల్చడానికి రాజనీతిశాస్త్రం రెండు ప్రశ్నలతో మొదలుపెడుతుంది. గద్దె మీద ఉన్నవారితో పోటీపడి వారిని దించే వీలుందా? ఆ పోటీలో తీర్పు చెప్పే హక్కు ఎంతమందికి ఉంది? అమెరికా పండితుడు రాబర్ట్ డాల్ 1971లో వెలువరించిన ‘పాలీయార్కీ’ గ్రంథంలో ఈ రెంటినీ విడివిడిగా నిలబెట్టాడు. ఒకటి పెరిగినంత మాత్రాన రెండోది పెరగదు. సోవియట్ యూనియన్‌లో పెద్దలందరికీ ఓటు ఉండేది, 99 శాతానికి పైగా పోలింగ్ జరిగినట్టు ప్రకటించేవారు. బ్యాలెట్ మీద పేరు మాత్రం ఒక్కటే.

ఈ రెండు కొసలకూ ఉదాహరణలు 2022లో విడిపోక ముందటి చిత్తూరు జిల్లాలోనే దొరుకుతాయి.

మొదటిది 1923 నాటిది. అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ద్వంద్వ పాలన నడుస్తోంది. విద్య, స్థానిక పాలన వంటి శాఖలు మంత్రులవి. పోలీసు, ఆర్థిక శాఖల వంటివి గవర్నరు కార్యవర్గానివి. ఆ ఏడాది నవంబరులో పానగల్లు రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ మంత్రివర్గం మీద శాసనమండలిలో అవిశ్వాస తీర్మానం పెట్టినవాడు చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి. తెలుగువారికి ఆయన ‘ముసలమ్మ మరణం’ కవిగా, ‘కవిత్వతత్త్వ విచారము’ రాసిన విమర్శకుడిగా, ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వైస్ చాన్సలర్‌గా గుర్తున్నాడు. ఈ తీర్మానం సంగతి మాత్రం మరుగున పడింది. అలా పడవలసినది కాదు. తీర్మానానికి అనుకూలంగా 44, వ్యతిరేకంగా 65 ఓట్లు వచ్చి అది వీగిపోయింది. అయినా వలస పాలనలో మంత్రులు సభలో నిలబడి తమను తాము సమర్థించుకోవలసి వచ్చింది. పోటీ నిజమైనదే. ఓటర్లెందరు? 1920లో నాలుగు కోట్లు దాటిన రాష్ట్ర జనాభాలో ఓటున్నవారు సుమారు పన్నెండున్నర లక్షలు. పన్ను కట్టేవారికి, ఆస్తి ఉన్నవారికే ఆ హక్కు. ఆడవారికి ఓటివ్వాలని మండలి తీర్మానించింది 1921లో.

రెండోది 2021 నాటిది. వయోజనులందరికీ ఓటుహక్కు వచ్చి డెబ్బై ఏళ్లయింది. మార్చిలో జరిగిన పురపాలక ఎన్నికల్లో పుంగనూరులోని 31 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. ఊళ్లో ఏ ఓటరుకూ పోలింగ్ కేంద్రానికి వెళ్లే పని పడలేదు. చిత్తూరు నగరంలో 50 డివిజన్లలో 37 ఏకగ్రీవం. తిరుపతిలో 50కి 22 ఏకగ్రీవం కాగా, ఒక డివిజన్‌లో ఎన్నిక ఆగింది. మొత్తం 49 స్థానాల్లో అప్పటి అధికారపక్షం వైఎస్ఆర్ కాంగ్రెస్ 48, తెలుగుదేశం 1 గెలిచాయి.

ఫిన్లాండ్ పండితుడు టాటూ వన్హానెన్ కొలబద్దను ఇక్కడ పెట్టి చూడవచ్చు. అందరికీ అర్థమయ్యే లెక్క అది. వందలోంచి అతిపెద్ద పార్టీ వాటాను తీసేస్తే మిగిలేది పోటీ. మొత్తం జనాభాలో ఓటు వేసినవారి శాతం పాల్గొనడం. రెంటినీ గుణించి వందతో భాగిస్తే సూచిక వస్తుంది. గుణకారంలో ఒకటి సున్నా అయితే ఫలితం సున్నాయే. ఓట్ల వాటాకు బదులు స్థానాల వాటా తీసుకుంటే తిరుపతిలో పోటీకి దక్కేది వందకు రెండు. పుంగనూరులో పోటీ సున్నా, వేసిన ఓట్లు సున్నా. 1923 నాటి మద్రాసు మండలి పోటీలో వీటికంటే ఎంతో మెరుగు, పాల్గొనడంలో మాత్రం పూర్తిగా వెనుకబడింది.

దేశాలను కొలిచే పేరున్న సంస్థలు ఇంత తేలిక లెక్కతో సరిపెట్టుకోవు. టెడ్ రాబర్ట్ గుర్ మొదలుపెట్టిన పాలిటీ పట్టిక మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా సాగుతుంది. ఆరూ ఆపైన వస్తే ప్రజాస్వామ్యం. ఫ్రీడమ్ హౌస్ రాజకీయ హక్కులకు 40, పౌర స్వేచ్ఛలకు 60 మార్కులు కేటాయిస్తుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పనిచేసే వి-డెమ్ వందల ప్రశ్నలను వేలమంది నిపుణులకు పంపి, వారి జవాబులను గణాంక నమూనాలతో సరిదిద్దుతుంది. ఒకే దేశానికి వీటి తీర్పులు ఒకటిగా ఉండవు. 2021 నివేదికల్లో భారతదేశాన్ని ఫ్రీడమ్ హౌస్ 67 మార్కులతో ‘పాక్షికంగా స్వేచ్ఛ’ ఉన్న దేశమన్నది. వి-డెమ్ ‘ఎన్నికలు జరిగే నిరంకుశ పాలన’ అన్నది. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ ‘లోపాలున్న ప్రజాస్వామ్యం’తో ఆగింది. కేంద్ర ప్రభుత్వం ఈ తీర్పులను తిరస్కరించింది. కొద్దిమంది నిపుణుల అభిప్రాయం మీద ఇంత పెద్ద తీర్పు ఎలా నిలుస్తుందని ప్రధాని ఆర్థిక సలహామండలి పత్రం 2022లో ప్రశ్నించింది.

ఆ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. అలాగని అభిప్రాయాలను పక్కనపెట్టి కంటికి కనిపించే అంకెలనే నమ్మితే చాలదు. ఆడమ్ ప్షెవోర్స్కీ, ఆయన సహచరులు అధికారం చేతులు మారిందా లేదా అన్నదానికి పెద్దపీట వేశారు. ఆ పరీక్షలో ఆంధ్రప్రదేశ్ దర్జాగా గట్టెక్కుతుంది. 1983, 1989, 1994, 2004, 2014, 2019, 2024: ప్రతిసారీ ఓటరు పాలకపక్షాన్ని మార్చాడు. అలా మార్చిన రాష్ట్రంలోనే పుంగనూరు ఉంది. జాతీయ సగటు కింద స్థానిక నిరంకుశత్వం దాగి ఉండవచ్చని ఎడ్వర్డ్ గిబ్సన్ అర్జెంటీనా, మెక్సికో, అమెరికా దక్షిణ రాష్ట్రాల అనుభవంతో చూపాడు.

ఏకగ్రీవం కనిపించిన చోటల్లా బలవంతం జరిగిందనడం అన్యాయం. ఊరంతా కూర్చుని కక్షలు వద్దనుకుని ఒక మనిషిని నిలబెట్టుకున్న పల్లెలు రాయలసీమలో ఉన్నాయి. ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకాన్ని 2021లో ప్రభుత్వం ప్రకటించింది కూడా. అందుకే కొలిచేవారు ఫలితం దగ్గర ఆగక దారిని చూడాలి. నామినేషన్లు ఎన్ని పడ్డాయి, ఎన్ని తిరస్కరించారు, ఎన్ని వెనక్కి తీసుకున్నారు, అదే వార్డులో అంతకుముందు ఎన్నికల్లో ఎందరు పోటీచేశారు? 2021 ఫిబ్రవరిలో చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవ ఫలితాలను వెంటనే ప్రకటించవద్దని రాష్ట్ర ఎన్నికల సంఘం ఆదేశించడం వెనుక ఉన్నది బలవంతం జరిగిందేమోనన్న అనుమానమే. గెలుపు తర్వాతి కథ కూడా లెక్కలోకి రావాలి. 48 మంది ఒకే పార్టీ తరఫున నెగ్గిన తిరుపతి పాలకమండలి 2025 ఫిబ్రవరిలో తెలుగుదేశం అభ్యర్థిని ఉపమేయరుగా ఎన్నుకుంది. మధ్యలో ఆ మండలి కోసం ప్రజలను ఎవరూ ఓటు అడగలేదు.

పాల్గొనడం అన్న రెండో కొలత మరింత జాగ్రత్తగా పట్టవలసినది. ఒకరి ఓటు మరొకరు వేస్తే పోలింగ్ శాతం తగ్గదు, పెరుగుతుంది. చంద్రగిరి నియోజకవర్గంలో 2019 ఏప్రిల్ 11న పోలింగ్ ముగిశాక, దళితులను ఓటు వేయనివ్వలేదన్న ఫిర్యాదుల మీద ఎన్నికల సంఘం మొదట ఐదు, తర్వాత మరో రెండు కేంద్రాల్లో రీపోలింగ్‌కు ఆదేశించింది. ఎన్.ఆర్. కమ్మపల్లి, పులివర్తిపల్లి వాటిలోవి. మే 19న అక్కడ మళ్లీ ఓట్లు పడ్డాయి. దేశం మొత్తానికి ఏడాదికొక అంకె ఇచ్చే పట్టికలకు ఇంత చిన్న చోటు అందదు. అందుకునే కాగితం మాత్రం ఉంది. కేంద్రాలవారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో తెలిపే ఫారం 20ను ప్రతి శాసనసభ, లోక్‌సభ ఎన్నిక తర్వాతా ప్రకటిస్తారు. ఒకే కేంద్రం లెక్కను రెండు మూడు ఎన్నికల పాటు పక్కపక్కన పెడితే, ఓట్లన్నీ ఒకే గుర్తు మీద పడుతున్న చోటు ఎక్కడో, పోలింగ్ ఉన్నట్టుండి ఎగబాకిన చోటు ఎక్కడో జిల్లా కేంద్రంలో కూర్చున్న విద్యార్థి కూడా పట్టుకోగలడు.