వాక్కాయ కంచె: పెంపకము, పోషణ

(ప్రసంగ పాఠము)



పైరు ఎంత బాగుగా ఎదిగినను, కంచె లేని చేనులో పంట ఇంటికి చేరునన్న నమ్మకము లేదు. పగలు మేకలు, పశువులు పడి మేయును. రాత్రి అడవిపందుల గుంపు వచ్చినచో వేరుశనగ చేనంతయు తెల్లవారుసరికి కుళ్లగించి పోవును. ఈ బాధ పడలేక కొందరు కంచె తీగకు కరెంటు కలుపుచున్నారు. ఇది నేరము. అంతకన్న ఘోరమేమనగా, చీకటిలో నీరు పెట్టుటకు పోయిన పక్క చేని రైతో, తీగ కట్టిన రైతో దానికి తగిలి ప్రాణము పోగొట్టుకొనుచున్నారు. అట్టి పనికి ఎవరును పూనుకొనరాదు.

ఏటేటా తుమ్మకంప, రేగుకంప కొట్టి గట్టున వేయుట మనకు అలవాటే. కాని చెదలు పట్టి, రెండవ ఏటికి సందులు పడును. అదే గట్టున వాక్కాయ నాటినచో కంచె ఏటేటా చిక్కబడును; కాయయు చేతికి వచ్చును.

వాక్కాయ గుబురుగా పెరుగు ముళ్ల పొద. ఎర్రనేల, గరపనేల, గులకనేల దేనిలోనైనను పెరుగును. ఒకసారి వేరు పట్టినచో ఎండకు ఓర్చుకొనును. నీరు నిలుచు చోటు మాత్రము దీనికి పనికిరాదు.

మొదట విత్తనము మాట. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో బాగుగా పండి నల్లబడిన పండ్లను ఏరి, గింజలు తీసి, కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే విత్తవలెను. వచ్చే తొలకరికి చూతమని డబ్బాలో దాచినచో చాల గింజలు మొలవవు. సంచులలో పెంచిన నారును మరుసటి ఏడు వానలు కుదురుకొనగానే నాటవచ్చును.

నలుచదరపు ఎకరా పొలము చుట్టు సుమారు 835 అడుగులుండును. రెండడుగుల ఎడముతో రెండు వరుసలు వేసి, వరుసలో మూడడుగులకు ఒక మొక్క చొప్పున, ఒక వరుస మొక్క రెండవ వరుస సందుకు ఎదురుగా వచ్చునట్లు నాటవలెను. ఎకరాకు 560 మొక్కలు పట్టును. చచ్చినవాని స్థానమున నాటుటకు మరికొన్ని పెంచుకొనుడు. అడుగు లోతు గుంట తీసి, రెండు మూడు కిలోల చివికిన పశువుల ఎరువు మట్టిలో కలిపి నాటవలెను. పొద వెడల్పుగా పెరుగును గనుక హద్దురాయికి మూడడుగులు లోపలగా నాటినచో పొరుగువారితో తగవు రాదు. మొదటి రెండు వేసవులలో వీలైనపుడెల్ల నీరు పోయుడు. లేత మొక్కలను మేకలు కొరకకుండ చుట్టు కంప వేయుడు.

ఇక అన్నిటికన్న ముఖ్యమైన మాట. కంచె బలము పైన లేదు, అడుగున ఉన్నది. మొక్క ఏపుగా పెరుగుచున్నదని సంతోషించి కత్తెర వేయక వదలినచో కొమ్మలు పైకి పోయి అడుగున సందు పడును. పంది దూరునది ఆ సందులోనే. కావున మొక్క మోకాలెత్తు కాగానే, మనసు గట్టి చేసుకొని, అడుగు ఎత్తున తల త్రుంచవలెను. పక్క కొమ్మలు వచ్చి సాగిన తరువాత వానిని కూడ త్రుంచవలెను. ఇట్లు అడుగు వెడల్పుగా, పైన సన్నముగా ఉండునట్లు మెల్లగా ఎత్తు పెంచుకొనుడు.

మూడు నాలుగేండ్లకు కాపు మొదలగును. జనవరి మొదలు మార్చి వరకు తెల్లని వాసనగల పూత వచ్చును. వానకాలములో కాయ కోతకు వచ్చును. కోత అయిన వెంటనే కత్తెర వేయుడు. ఆలస్యము చేసి చలికాలము చివర వేసినచో పూతకొమ్మలు పోవును. ప్రతి ఏడు గట్టిగా కత్తిరించు కంచెలో కాపు కొంత తగ్గును. కాయయే ముఖ్యమనువారు బావి దగ్గర నాలుగు పొదలు విడిగా పెంచుకొనవలెను. పంత్‌నగర్ విశ్వవిద్యాలయము వారి పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ రకముల అంట్లు అందుకు తగినవి.

కాయ కోయునపుడు పాలు కారి చేతికి అంటును. ముందుగా కొంచెము నూనె రాసుకొనుడు. పచ్చికాయ పప్పులోను, పులిహోరలోను చింతపండుకు బదులు వచ్చును, ఊరగాయయు పెట్టవచ్చును. మిఠాయి దుకాణములలో చెర్రీ పండ్లని అమ్మునవి చాలవరకు పాకము పట్టి రంగు వేసిన వాక్కాయలే. కనుక ఊరిలో అమ్ముడుపోని కాయకు పట్టణములో గిరాకి ఉండవచ్చును.

ఈ కంచె ఒక్క ఏడాదిలో తయారు కాదు. అది చిక్కబడువరకు కంపయు, కాపలాయు తప్పవు. ఒకేసారి చేను చుట్టు నాటలేనివారు పందులు వచ్చు వైపు ఈ ఏడు మొదలుపెట్టి, తక్కిన వైపులు తరువాత పూర్తి చేసికొనవచ్చును. ఈ వానకాలమున పండ్లు నల్లబడినపుడు ఒక దోసెడు గింజలు తీసి పెట్టుడు. పని అక్కడ మొదలగును.